300 లీటర్ల రీఫ్ ట్యాంకుకి కరెంటు తక్కువ తాగే రిటర్న్ పంపు ఏది? (ఇప్పుడున్నది 85 వాట్లు)

నిజాంపేట_ఉప్పునీళ్ళు:

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇవాళ కరెంటు బిల్లు రాయిస్తోంది.

మాది హైదరాబాద్, నిజాంపేట. మూడో అంతస్తులో ఫ్లాటు. హాల్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు), 120 × 45 × 50 సెంటీమీటర్లు, కింద స్టాండులో సంప్ (నీళ్ళు శుభ్రమయ్యే తొట్టి). రాళ్ళూ ఇసకా పోను నీళ్ళు మొత్తం 300 లీటర్ల దాకా ఉంటాయి. ఒక క్లౌన్ చేపల జంట, ఒక రాయల్ గ్రామా చేప, రెండు క్లీనర్ రొయ్యలు. పగడాలన్నీ మెత్తవే: జోవాంథిడ్లు, మష్రూములు, అరచెయ్యంత లెదర్ ఒకటి. రాతి పగడాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్లో ఉన్నాయని తెలిశాక వాటి జోలికి పోలేదు.

సంప్ నీళ్ళని మళ్ళీ పైకి పంపే రిటర్న్ పంపు ట్యాంకుతోపాటే షాపతను అంటగట్టాడు. నీళ్ళలో మునిగే ఏసీ పంపు. డబ్బా మీద 85 వాట్లు, గంటకి 5000 లీటర్లు అని ఉంది. పూర్తిగా వదిలితే పైన ఓవర్‌ఫ్లో (ట్యాంకు నీళ్ళు సంప్‌లోకి దిగే దారి) మింగలేక గుడగుడలాడుతుంది. అందుకని మొదటి రోజు నుంచీ బాల్ వాల్వు సగానికి పైగా మూసే నడుపుతున్నాను.

మొన్న బిల్లులో యూనిట్లు 300 దాటాయి. దాటిన ప్రతి యూనిట్‌కీ 9 రూపాయలు. మా ఇంటావిడ ఫ్యాన్లన్నీ పోయినేడే కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీవి మార్పించింది, కాబట్టి ఇప్పుడు వేలు ట్యాంకు వైపే చూపిస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే పంపు తీగకి క్లాంప్ మీటరు తగిలించి 0.62 ఆంపియర్లు అన్నాడు. 230తో హెచ్చవేస్తే 142 వాట్లు! 85 అని రాసిన పంపు 142 ఎలా తాగుతుంది? పాడైపోయిందా?

కొత్తది తీసుకుందామని మూడు చూసుకున్నాను. సిచే సింక్రా 2.5 (40 వాట్లు, 2400 లీటర్లు). ఎహైమ్ 1260 (65 వాట్లు, ఇదీ 2400 లీటర్లే). మూడోది 24 వోల్టుల చైనా డీసీ పంపు, 40 వాట్లు, 4000 లీటర్లు, పది స్పీడ్లు. లెక్కన చూస్తే డీసీదే చవక బేరంలా ఉంది, కానీ కంట్రోలర్లు కాలిపోతాయని విన్నాను. మా బావమరిదైతే "అంత దూరం ఎందుకు బావా, కూలర్ పంపు 18 వాట్లే, ఫతేనగర్‌లో మూడొందలకి వస్తుంది" అంటున్నాడు. పంపు నుంచి పైన నాజిల్ దాకా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ముప్పావు అంగుళం పైపు, ఐదు ఎల్బోలు. ఏది కొనమంటారు?


గాజువాక_వైండింగ్:

తమ్ముడూ, ముందు ఆ కూలర్ పంపు సంగతి తేలుద్దాం, మీ బావమరిది ఈపాటికే కొనేసి ఉంటాడేమో. నాది మోటార్లు చుట్టే షాపు, 26 ఏళ్ళుగా ఇదే పని. కూలర్ పంపులు లెక్కలేనన్ని విప్పాను. వాటి మరలు ఇనుమువి, కొన్నింటికి షాఫ్టు కూడా. మంచినీళ్ళలోనే తుప్పు పడతాయి, ఇంక ఉప్పునీళ్ళలో ఏం బతుకుతాయి? తుప్పు వల్ల నాచు పెరుగుతుందనుకో, అది చిన్న సంగతి. సీలు చెడి లోపలి రాగి చుట్ట నీళ్ళకి తగిలిందంటే నీ రొయ్యలు ఆ రాత్రి దాటవు. రాగి వెన్నెముక లేని జీవాలకి విషం. రీఫ్ పంపుకి సిరామిక్ షాఫ్టు ఉండాలి, చుట్ట మొత్తం ఎపాక్సీలో ముంచేసి ఉండాలి. అంతే, కూలర్ పంపు మాట మళ్ళీ ఎత్తొద్దు.

ఇక 142 వాట్లు. ఎలక్ట్రీషియన్ తప్పు చెప్పలేదు, కానీ నువ్వు కట్టిన లెక్క తప్పు. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చవేస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు, వాట్లు కావు. ఇంత చిన్న ఏసీ మోటార్లకి పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్ ఆంపియర్లలో నిజం వాట్ల వాటా) మరీ తక్కువ, అటూ ఇటూగా సగం ఉంటుంది. ఇంటి మీటరు నీ దగ్గర డబ్బులు తీసుకునేది నిజం వాట్లకే. ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే పవర్ మీటరు ఒకటి కొనుక్కో, అందులో వాట్లు అని చూపించే అంకె చూడు. 70, 80 మధ్య వస్తుందని నా పందెం.

అసలు విషయానికొస్తాను. నువ్వు పంపు ఎంచుకోవడం డబ్బా మీది లీటర్ల నుంచి మొదలుపెట్టావు. ఆ అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. పంపుని బకెట్లో పెట్టి బకెట్లోకే తిప్పుకున్నా వచ్చే లీటర్లు అవి. నీకు కావలసింది, నీ ఎత్తు దగ్గర, నీ పైపులోంచి ఎన్ని వస్తాయని. సింక్రా 2.5నీ ఎహైమ్ 1260నీ చూడు, రెండూ 2400 లీటర్లే అన్నావు కదా. కానీ సింక్రా ఎక్కువలో ఎక్కువ ఎత్తగలిగేది 2.4 మీటర్లు, ఎహైమ్‌ది 3.7. ఆ 25 వాట్ల తేడా పోతున్నది అక్కడికే. కాబట్టి ఎహైమ్ దుబారా అనీ కాదు, సింక్రా పొదుపు అనీ కాదు. చేసే పనులు వేరు.

ఎత్తు కూడా తప్పు కొలిచావు. పంపు ఎంత లోతులో ఉందన్నది లెక్కలోకి రాదు. సంప్‌లో నీటి మట్టం నుంచి పైన ట్యాంకులో నీటి మట్టం దాకా కొలు. అదొకటి, బకెట్ లెక్క ఒకటి, రెండూ చేసి చెప్పు. రిటర్న్ నాజిల్‌కి గొట్టం తగిలించి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడు. 72,000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి లీటర్లు. తరవాత మాట్లాడదాం.


నిజాంపేట_ఉప్పునీళ్ళు:

అన్నా, కూలర్ పంపు నిజంగానే కొనేశాడు. వాళ్ళ కూలర్‌కే పెట్టుకోమన్నాను.

మీటరు వచ్చింది. పందెం మీదే. వాల్వు పూర్తిగా తెరిస్తే 78 వాట్లు, రోజూ ఉంచే చోట ఉంచితే 72. వాల్వు మూస్తే కరెంటు కూడా సగమవుతుందని ఏడాదిన్నరగా అనుకుంటున్నాను. ఆరు వాట్లు తగ్గింది, అంతే.

నీటి మట్టం నుంచి నీటి మట్టానికి 1.4 మీటర్లు. 20 లీటర్ల బకెట్ 41 సెకన్లలో నిండింది, మూడుసార్లు చూశాను. గంటకి 1750 చిల్లర. 5000 లీటర్ల పంపు!

ఇంకో సంగతి చెప్పలేదు. ట్యాంకులో రెండు వేవ్‌మేకర్లు ఉన్నాయి, ఒక్కోటి 8 వాట్లు. నీళ్ళు చల్లబరిచే చిల్లర్‌కి విడిగా 15 వాట్ల చిన్న పంపు ఉంది.


గాజువాక_వైండింగ్:

వేవ్‌మేకర్లు ఉన్నాయంటే సగం చిక్కు తీరిపోయినట్టే. పగడాలకి కావలసిన కుదుపు వాటి పని. ప్రొపెల్లరు నీళ్ళని పైకెత్తక్కర్లేదు, పక్కకి నెడితే చాలు, అందుకే 8 వాట్లతో గంటకి వేల లీటర్లు కదిలిస్తుంది. రిటర్న్ పంపు పని సంప్‌లో స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసేది) దగ్గరికి నీళ్ళు తిప్పడం, పైన తేలే జిడ్డుని ఓవర్‌ఫ్లోలోకి లాగడం. మెత్తటి పగడాల ట్యాంకుకి గంటకి నాలుగైదు సార్లు నీళ్ళు తిరిగితే చాలు. నీకు 1500 లీటర్లు. ట్యాంకులో అల కోసం రిటర్న్ పంపుని పెద్దది పెట్టడమంటే చెంబుడు నీళ్ళకి బోరు మోటారు వెయ్యడమే.

ఒక సరదా లెక్క చూడు. గంటకి 1500 అంటే సెకనుకి 0.42 లీటరు. దాన్ని ఎత్తూ పైపు రాపిడీ కలిపి 1.8 మీటర్లు ఎత్తాలనుకుందాం. 0.42ని 9.8తో, మళ్ళీ 1.8తో హెచ్చవెయ్యి. ఏడున్నర వాట్లు. నీళ్ళకి నిజంగా అందాల్సిన పని అంతే! నువ్వు పెడుతున్నది 72. మిగతాదంతా వాల్వు దగ్గర, ఎల్బోల దగ్గర, మోటారు లోపల వేడైపోతోంది. ఆ వేడి గాల్లోకీ పోదు, మునిగిన పంపు కదా, నీళ్ళలోకే దిగుతుంది.

పైపు సంగతి ఎవరూ పట్టించుకోరు. ముప్పావు అంగుళం తీసి అంగుళం పైపు వెయ్యి. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్ల నుంచి 25కి పెరిగితే అదే నీటికి రాపిడి మూడో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే అది వ్యాసానికి అయిదో ఘాతంలో మారుతుంది. ఐదు ఎల్బోలు ఎందుకొచ్చాయి? ప్లంబరు గోడ పక్క నుంచి చక్కగా తిప్పి ఉంటాడు చూడ్డానికి బావుండాలని. రెండు చాలు. మెత్తటి గొట్టం వాడితే ఒకటి చాలు. ఇందులో నీకయ్యే ఖర్చు పంపు ధరలో పదో వంతు ఉండదు.

ఇప్పుడు పంపు. నీ ఎత్తుకి కనీసం రెండింతలు ఎత్తగలిగేది తీసుకోవాలని నా పద్ధతి. నీకు 1.4. సింక్రా 2.5 అంచున పడుతుంది, జాలీకి కాస్త నాచు పట్టగానే ధార సన్నబడుతుంది. ఎహైమ్ నిక్షేపంగా చేస్తుంది, ఏళ్ళు నడుస్తుంది కూడా, కానీ 65 వాట్లంటే నువ్వు ఆదా చేసేది ఏముంది? మిగిలింది డీసీ.

డీసీ అనగానే మాయ అనుకోవద్దు. లోపల తిరిగేది రెండింటిలోనూ అయస్కాంతమే. ఏసీ పంపు 50 హెర్ట్జ్‌తో కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతుంది, డీసీలో ఆ వేగాన్ని కంట్రోలర్ నిర్ణయిస్తుంది. మీ ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాను ఉంది కదా, అదే చుట్టం. వేగం తగ్గిస్తే వాట్లు ఘనంలో పడతాయి: 80 శాతం వేగంలో సగం వాట్లే.

అయితే అమ్మేవాళ్ళు చెప్పనిది ఒకటుంది. వేగం తగ్గితే ఎత్తే శక్తి వర్గంలో పడుతుంది. నీ డీసీ పంపు పూర్తి వేగంలో 3 మీటర్లు ఎత్తుతుందనుకో. 70 శాతంలో 3 గుణిస్తే 0.49, అంటే 1.47 మీటర్లు. నీకు 1.4 కావాలి. అంటే అక్కడ ధార కాదు, చుక్కలే. 68 శాతం కింద ఒక్క చుక్క పైకి రాదు, పంపు మాత్రం కరెంటు తాగుతూ లోపలే తిరుగుతుంటుంది. "సగం వేగంలో ఎనిమిదో వంతు కరెంటు" అనే మాట ఎత్తు లేనిచోట నిజం, సంప్ దగ్గర కాదు. నీకు 85 శాతం దగ్గర 1500 లీటర్లు రావాలి, 25 వాట్ల చుట్టూ. వాల్వు మాత్రం పూర్తిగా తెరిచి ఉంచు, ధార తగ్గించాలంటే వేగంతోనే తగ్గించు.

అడాప్టరు కూడా కొంత తింటుంది, అందుకని గోడ సాకెట్టు దగ్గరే కొలు. ఇంకోటి, స్టాండు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) లేకపోతే పంపు కంటే ముందు అది పెట్టించు. ఉప్పునీళ్ళతో ఆటలొద్దు తమ్ముడూ.


డాలస్_మంచం_పక్క_ట్యాంకు:

బాగా చెప్పారు అన్నా. నాదొక చిన్న మాట: చిల్లర్‌కి వేరే 15 వాట్ల పంపు ఎందుకు? రిటర్న్ లైనుకే ఒక టీ వేసి చిల్లర్‌కి ఇచ్చేస్తే ఒక పంపు తగ్గుతుంది. నేను యూవీ, రియాక్టరు లాంటి నీళ్ళు శుద్ధి చేసేవన్నీ ఒకే పెద్ద పంపు మీద నడుపుతున్నాను. ఒక్కటే కడగాలి, ఒక్కటే కొనాలి.


గాజువాక_వైండింగ్:

పెద్ద సెటప్‌కి నీ పద్ధతే నయం. ఇతనికి చిల్లర్ పని మూడు నాలుగు నెలలే. దానికోసం రిటర్న్ పంపుని ఏడాదంతా పెద్ద వేగంలో తిప్పడం దండగ. నిజాంపేట తమ్ముడూ, చలికాలం ఆ చిల్లర్ పంపు ప్లగ్గు పీకెయ్, అంతే. గొట్టాల్లో నీళ్ళు మురగకుండా వంపేసి పెట్టు.


బెజవాడ_జోవా:

గాజువాక అన్నయ్య లెక్కలకి నేను కలిపేదేమీ లేదు కానీ, నాకు తగిలిన దెబ్బలు రెండు చెబుతాను, మీరు తప్పించుకుంటారు.

ఒకటి, కంట్రోలర్. నా మొదటి డీసీ పంపుకి అది పదకొండు నెలల్లో పోయింది. మోటారుకి ఏం కాలేదు. తీగ సంప్‌లోంచి నేరుగా పైకొచ్చి కంట్రోలర్‌లో దూరేది. తీగ వెంబడి ఉప్పు పాకి పాకి సాకెట్టులో పేరుకుంది. ఇప్పుడు తీగని కంట్రోలర్ కంటే కిందికి జారేసి, అక్కణ్ణుంచి పైకి తెచ్చి గుచ్చుతున్నాను, నీళ్ళొస్తే వంపు దగ్గరే కారిపోతాయి. కంట్రోలర్ స్టాండు లోపల కాదు, బయట పక్క చెక్కకి. మూడేళ్ళయింది, మళ్ళీ పోలేదు. అయినా మీ పాత పంపు పారెయ్యకండి. ఆదివారం సాయంత్రం పంపు ఆగితే ఏ షాపూ ఉండదు.

రెండు, నాజిల్. నాది నీటి మట్టానికి నాలుగంగుళాల లోపల ఉండేది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, పైపు వెనక్కి లాగింది, ట్యాంకులో నాలుగంగుళాల నీళ్ళు సంప్‌లోకి దిగి, సంప్ నిండి, హాలు నిండి, కింది ఫ్లాటు వాళ్ళ సీలింగుకి మచ్చ పడింది. నాన్ రిటర్న్ వాల్వు ఉందండీ! దాంట్లో ఒక చిన్న నత్త ఇరుక్కుంది. ఇప్పుడది తీసేశాను, అదొక రాపిడి కూడానూ. నాజిల్ మట్టానికి అర అంగుళం కిందికి తెచ్చి, మట్టం దగ్గర పైపుకి చిన్న చిల్లు పెట్టాను. మట్టం దిగగానే గాలి పీల్చి ధార తెగిపోతుంది. నిజాంపేట అన్నయ్యా, మీరు పైపు మార్చేటప్పుడే ఇది చేసెయ్యండి, మళ్ళీ కొయ్యక్కర్లేదు.

ఇన్వర్టర్ ఉంటే అదీ చూసుకోండి. పాతకాలం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద ఏసీ పంపు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. డీసీకి ఆ బాధ లేదు. కానీ పెద్ద కోతయితే నేను రిటర్న్ ఆపేసి ఒక్క వేవ్‌మేకరు మాత్రం నీటి పైభాగాన్ని కదిలించేలా తిప్పి వదిలేస్తాను. చేపలకి కావలసింది ఆక్సిజన్, సంప్ కాదు.


నిజాంపేట_ఉప్పునీళ్ళు:

ఐదు వారాల తరవాత వస్తున్నాను, క్షమించండి. నాది మెడికల్ షాపు, వానాకాలం జ్వరాల సీజన్లో పదకొండు దాకా కౌంటర్ వదల్లేను.

మీరన్నట్టే ముందు పైపు మార్చాను. అంగుళం పైపు, రెండే ఎల్బోలు, నాజిల్ పైకి, బెజవాడ అక్క చెప్పిన చిల్లు. పాత పంపు మీదే మళ్ళీ బకెట్ పెట్టాను: అదే వాల్వు, అదే చోటు, 41 సెకన్లు కాస్తా 36 అయింది. పంపు మార్చకుండానే! వాల్వు దగ్గర రాపిడి ఇంకా ఉండగానే ఇంత తేడా వస్తే, ఆ ఎల్బోలు ఎంత తినేవో.

తరవాత డీసీ పంపు తెచ్చాను. ఏసీ దాని కంటే మూడు వేలు ఎక్కువ పడింది. పది స్పీడ్లలో మొదట ఆరు మీద పెట్టి చూశాను, అన్న చెప్పింది పరీక్షిద్దామని. పంపు తిరుగుతోంది, చేత్తో తాకితే తెలుస్తోంది, పైన నాజిల్లో చుక్క లేదు. ఏడు మీద నీళ్ళు కారాయి, అంతే, ధార అనలేం. ఎనిమిది మీద 49 సెకన్లకి బకెట్. గంటకి దాదాపు 1470 లీటర్లు, గోడ దగ్గర 26 వాట్లు. తొమ్మిదిలో ఓవర్‌ఫ్లో మళ్ళీ గుడగుడ మొదలెట్టింది, ఎనిమిదికే తెచ్చేశాను.

72 నుంచి 26కి, అంటే 46 వాట్లు. నెలకి 33 యూనిట్లు. పై శ్లాబులో పడితే 300 రూపాయలు, మూడు వేల తేడా పది నెలల్లో వచ్చేస్తుంది. వేడి లెక్క కూడా వేశాను అన్నా, మీరు అంటించిన జబ్బు: 46 వాట్లు రోజంతా 300 లీటర్లలోకి పోయి ఎటూ బయటికి పోకపోతే నీళ్ళు మూడు డిగ్రీలు పైగా వేడెక్కాలి. ఇన్నాళ్ళూ ఒక పంపుతో కాచి, ఇంకో యంత్రంతో చల్లార్చుకుంటూ కూర్చున్నానన్నమాట.

రాత్రి మెయిన్ ఆపి చూశాను. సంప్ అంచుకి నాలుగు వేళ్ళ కింద ఆగింది నీళ్ళు. కంట్రోలర్ చెక్కకి బయట, తీగకి వంపు పెట్టాను. కరెంటు వచ్చాక ఎనిమిది మీదే మొదలైంది, మర్చిపోలేదు.

పాత పంపుని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రెండు గంటలు నానబెడితే సున్నమంతా ఊడింది, లోపల రోటర్ మీద ఒక గవ్వంత పెంకు అతుక్కుని ఉంది. కడిగి, ఆరబెట్టి, అటకెక్కించాను.

చిల్లర్ పంపు ప్లగ్గు ఈ వారం పీకుతాను. గాజువాక అన్నా, ఓవర్‌ఫ్లో పైపు కూడా సన్నదే వేసినట్టున్నాడు ఆ షాపతను, దాని ఫొటో ఆదివారం పెడతా, ఒకసారి చూసి చెప్పండి.